ఇన్వర్టర్ 100% అంటుంది, రాత్రి పదికే కరెంటు మీదకి పోతుంది: బ్యాటరీలో అసలు ఎంతుందో తెలిసేదెలా?

పటమటవాసి

అందరికీ నమస్కారం. మాది విజయవాడ పటమట. డాబా మీద 1 కిలోవాట్ ప్యానెళ్ళు, కింద 24 వోల్టుల సోలార్ ఇన్వర్టర్, 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు) ట్యూబులర్ బ్యాటరీలు రెండు. పెట్టించి రెండేళ్ళు దాటింది. పగలు ప్యానెళ్ళ మీద, సాయంత్రం నుంచి బ్యాటరీ మీద నడిచి, బ్యాటరీ తగ్గాక మామూలు కరెంటుకి మారేటట్టు సెట్ చేశారు.

మధ్యాహ్నం పన్నెండు కాకముందే డిస్‌ప్లేలో 100% వచ్చేస్తుంది. సాయంత్రం ఆరున్నరకీ అదే 100. రెండు ఫ్యాన్లు, ఫ్రిజ్, లైట్లు దాని మీద పడ్డాక ఎనిమిదికల్లా 60 అంటుంది, పదికి కరెంటు మీదకి మారిపోతుంది. కొత్తలో పన్నెండు దాటేది. ఇంకో వింత ఏమిటంటే, మారిన కాసేపటికి అదే డిస్‌ప్లే మళ్ళీ 50% పైన చూపిస్తుంది. మరి ఖాళీ అయిందని మారడమెందుకు?

పెట్టినవాళ్ళని అడిగితే ‘ఎండలకి అంతే సార్, బ్యాటరీలు మార్చేయండి’ అన్నారు. మార్చడానికి అభ్యంతరం లేదు గానీ, పోయాయో లేదో తెలియకుండా అంత డబ్బు పెట్టడం ఇష్టం లేదు. ఎంత ఎక్కుతోంది, ఎంత దిగుతోంది, ఎంత మిగిలింది అన్నది నమ్మకంగా చూసుకునే మార్గం చెప్పండి.

బ్రాడీపేట మాస్టారు

మీ ఇన్వర్టర్ చూపించే శాతం కొలిచి చెప్పింది అయ్యుండదండీ. ఆ ధరలో వచ్చే చాలా ఇన్వర్టర్లు బ్యాటరీ వోల్టేజీని చూసి, లోపల ఉన్న ఒక పట్టికతో సరిపోల్చి ఓ అంకె వేస్తాయి. ఛార్జింగ్ నడుస్తుంటే వోల్టేజీ పైకి లేస్తుంది, లోడు పడితే కిందకి జారుతుంది. రెండూ బ్యాటరీలో ఉన్న నిల్వని చెప్పవు. ఎండలో 28 వోల్టులు దాటగానే 100 వేసేస్తుంది, నిజానికి నిండటానికి ఇంకా చాలా టైం ఉన్నా సరే. రాత్రి లోడు తీసేయగానే వోల్టేజీ కోలుకుని శాతం పెరిగినట్టు కనిపిస్తుంది. మీ వింతకి జవాబు అదే.

వోల్టేజీతోనే చూడాలంటే బ్యాటరీని ఛార్జింగూ లోడూ రెండూ లేకుండా కొన్ని గంటలు వదిలేయాలి. అప్పుడు మీలాంటి 12 వోల్టుల ట్యూబులర్ బ్యాటరీ ఒక్కోటి 12.5 దగ్గరుంటే నిండినట్టు, 12.0 అయితే సగానికి అటూ ఇటూ. తేడా చూశారా? సగం బ్యాటరీ అంతా అర వోల్టులో ఉంది. నడుస్తున్న ఇంట్లో దీన్ని పట్టుకోవడం కష్టమే.

లెక్క కూడా చూద్దాం. ఫ్యాన్లు రెండూ 150 వాట్లు, ఫ్రిజ్ సగటున 60, మిగతావి 40 అనుకుంటే 250. ఇన్వర్టర్‌లో పోయే నష్టం కలిపితే బ్యాటరీ మీద 290 పైనే పడుతుంది. 24తో భాగిస్తే 12 ఆంపియర్లు. రెండు బ్యాటరీలూ వరసలో ఉన్నాయి కాబట్టి వోల్టులే కలుస్తాయి, ఏహెచ్ 150నే. అందులో సగం, అంటే 75 ఏహెచ్ వాడుకుంటే ఆరు గంటలు రావాలి. ఆరున్నరకి మొదలైతే పన్నెండున్నర. కొత్తలో మీకు వచ్చింది సరిగ్గా అదే. ఇప్పుడు మూడున్నర గంటలే వస్తోందంటే ఎక్కడో గట్టి కారణం ఉంది.

షంట్‌రాజా

మాస్టారు చెప్పింది నిజం. దీనికి మందు షంట్. బ్యాటరీ నెగటివ్‌కీ మిగతా సిస్టంకీ మధ్య పెట్టే ఒక ఇత్తడి ముక్క అనుకోండి. దాని గుండా వెళ్ళే కరెంటుకి తగ్గట్టు రెండు చివర్ల మధ్య అతి చిన్న వోల్టేజీ వస్తుంది. 500 ఆంపియర్లు, 50 మిల్లీవోల్టుల షంట్ అయితే ఆంపియర్‌కి 0.1 మిల్లీవోల్ట్. మీటరు దాన్ని చదివి, ఎక్కిన ఆంపియర్ అవర్లు కూడుతూ దిగినవి తీసేస్తూ పోతుంది.

విక్ట్రాన్ స్మార్ట్‌షంట్ లాంటివి ఫోన్‌లో బ్లూటూత్ మీద చూపిస్తాయి, బాగుంటాయి, ఖరీదు ఎక్కువ. ఆన్‌లైన్‌లో డిస్‌ప్లేతో వచ్చే చౌక కూలంబ్ మీటర్లూ పనిచేస్తాయి. నా దగ్గర రెండూ ఉన్నాయి. మధ్యస్థంగా వాడే ఇంటికి చౌకది చాలు, కాకపోతే అందులో సెట్టింగులు తక్కువ.

బిగించేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. బ్యాటరీ నెగటివ్ బోల్టు మీద షంట్‌కి వెళ్ళే ఒక్క కేబుల్ తప్ప ఇంకేదీ ఉండకూడదు. ఇన్వర్టర్ నెగటివ్, ఛార్జ్ కంట్రోలర్ నెగటివ్, ఏ చిన్న వైరైనా సరే షంట్ అవతలి వైపుకే రావాలి. ఇది కిరాణా కొట్టు ఖాతా పుస్తకం లాంటిది. ఒక్క పద్దు రాయకపోయినా చివరి నిల్వ తప్పే.

బ్యాటరీమెకానిక్_గుంటూరు

మీటర్లు తర్వాత కొందురు గానీ, ముందు హైడ్రోమీటర్‌తో గ్రావిటీ, అంటే యాసిడ్ సాంద్రత, చూశారా లేదా? ట్యూబులర్ బ్యాటరీకి అదే అసలు పరీక్ష. మన దగ్గర ఇన్వర్టర్ ట్యూబులర్లు నిండితే 27 డిగ్రీల దగ్గర 1.240 చూపించాలి. ఆరు సెల్లులూ విడివిడిగా చూడాలి, రెండు బ్యాటరీలకీ కలిపి పన్నెండు రీడింగులు. ఎవడూ పన్నెండు చూడడు. ఒక సెల్లు చూసి ‘బాగానే ఉంది’ అని మూత పెట్టేస్తాడు.

ఎండాకాలం లెక్క వేరు. యాసిడ్ వేడెక్కితే రీడింగు తగ్గుతుంది. 27 దాటిన ప్రతి డిగ్రీకి 0.0007 కలపాలి. 42 డిగ్రీల యాసిడ్‌లో 1.230 వస్తే అది అసలు 1.240 కింద లెక్క. ఇది తెలియక మే నెలలో మంచి బ్యాటరీలని పోయాయని చెప్పేవాళ్ళని చాలామందిని చూశాను.

డిస్టిల్డ్ వాటర్ పోసిన వెంటనే చూడొద్దు, పైన నీళ్ళే చూపిస్తాయి. పోసి, ఒకసారి బాగా ఛార్జ్ అయ్యాక చూడండి.

లిథియంబాబాయ్

ఈ గ్రావిటీలు, నీళ్ళు పోయడాలు ఇంకా ఎన్నాళ్ళు బాబూ. 25.6 వోల్టుల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ పెట్టించుకుని హాయిగా ఉండండి. బ్యాటరీని కాపలా కాసే బీఎంఎస్ అనే సర్క్యూట్ లోపలే ఉంటుంది. ఆ బీఎంఎస్ శాతం చూపిస్తుంది, ఫోన్‌లో కనిపిస్తుంది.

షంట్‌రాజా

> బీఎంఎస్ శాతం చూపిస్తుంది

బాబాయ్ గారూ, దాన్నీ గుడ్డిగా నమ్మకండి. లిథియం ఫాస్ఫేట్‌లో వోల్టేజీ 40 నుంచి 70 శాతం దాకా దాదాపు కదలదు, కాబట్టి బీఎంఎస్ కూడా లోపల ఆంపియర్లనే లెక్క కడుతుంది. చాలా బీఎంఎస్‌లు చాలా చిన్న కరెంటుని సరిగ్గా చూడలేవు. ఇన్వర్టర్ ఖాళీగా ఉన్నప్పుడు తినే కొద్దిపాటి ఆంపియర్ రాత్రంతా లెక్కలోకి రాకపోతే, రోజూ కొంచెం కొంచెం తప్పు పేరుకుంటుంది. ముసురు పట్టి వారం పాటు పూర్తిగా నిండకపోతే ‘30%’ అని చూపిస్తూనే టప్పున ఆగిపోతుంది. అప్పుడప్పుడు పూర్తిగా నింపితేనే దాని లెక్క మళ్ళీ 100 దగ్గర సరిచేసుకుంటుంది.

లిథియంబాబాయ్

మొన్న ఆ ముసురులో మాకు సరిగ్గా అలాగే ఆగింది. బీఎంఎస్ పాడైందనుకుని కంపెనీకి ఫోన్ చేద్దామనుకున్నా. సరే, ఒకసారి నిండుగా ఎక్కించి చూస్తా.

నెట్‌మీటర్_భవానీపురం

కొంచెం పక్కకి పోతున్నాను, క్షమించాలి. మాది బ్యాటరీ లేకుండా నేరుగా కరెంటు లైనుకి కలిపే ఆన్‌గ్రిడ్, 3 కిలోవాట్లు, పీఎం సూర్యఘర్‌లో 78,000 సబ్సిడీతో పెట్టించాం. యాప్‌లో రోజుకి 12 యూనిట్ల దాకా చూపిస్తుంది. మీటరు చూస్తే ఎక్స్‌పోర్ట్ 8 దాటదు. మిగతా నాలుగు ఎక్కడికి పోతున్నాయి? మీటరు తప్పా? సీపీడీసీఎల్‌లో ఫిర్యాదు చేయమంటారా?

బ్రాడీపేట మాస్టారు

మీటరు తప్పు లేదండీ. ఆ నాలుగూ పగలు మీ ఇంట్లోనే ఖర్చయ్యాయి. నెట్ మీటరు గడప దగ్గర కూర్చుని బయటికి పోయింది, లోపలికి వచ్చింది మాత్రమే రాసుకుంటుంది. ప్యానెల్ నుంచి నేరుగా మీ ఫ్రిజ్‌కి పోయిన కరెంటు దానికి కనిపించదు. మీ అసలు వాడకం కావాలంటే తయారైన దాంట్లోంచి ఎక్స్‌పోర్ట్ తీసేసి ఇంపోర్ట్ కలపండి. 12 తయారై, 8 బయటికి పోయి, రాత్రి 5 లోపలికి వస్తే మీ ఇల్లు ఆ రోజు వాడింది 9 యూనిట్లు. బిల్లు చూసి ‘మేం అసలు కరెంటే వాడట్లేదు’ అనుకుంటూ ఏసీలు పెంచేసేవాళ్ళు మా వీధిలో ఉన్నారు.

ఇంకోటి, కరెంటు పోతే మీ ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ కూడా ఆగిపోతుంది. తీగ మీద పనిచేసే లైన్‌మన్‌కి మీ డాబా నుంచి షాక్ కొట్టకుండా అలా పెట్టారు. అది లోపం అనుకోకండి.

సింగ్‌నగర్_గృహిణి

మాస్టారు గారు కరెంటు పోవడం అన్నారు కాబట్టి చెబుతున్నాను. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు మా వీధిలో కింద గదుల్లో ఉన్న ఇన్వర్టర్లు, బ్యాటరీలు అన్నీ నీళ్ళలోకే పోయాయి. మాది పై అంతస్తులో మెట్ల పక్కన ఉండడంతో బతికింది. కరెంటు లేదు, వాన ముసురు, ప్యానెళ్ళు ఏమిస్తాయో తెలియదు. అప్పుడు శాతం చూసి ఏమీ అర్థం కాలేదు. మా అబ్బాయి మీటర్‌లో వాట్లు చూడమన్నాడు. ఒక్కోటీ ఆపుతూ చూస్తే ఏది ఎంత తింటోందో తెలిసింది.

ఫ్యాన్ ఒకటి 75 వాట్లు. సెల్‌ఫోన్ ఒకసారి నిండటానికి నష్టాలు కలిపినా 25 వాట్ అవర్లు చాలు. అంటే ఫ్యాన్ ఒక గంట ఆపితే మూడు ఫోన్లు. చుట్టుపక్కల వాళ్ళ ఫోన్లన్నీ మా ఇంట్లోనే పెట్టాం. ఇప్పుడు బీఎల్‌డీసీ ఫ్యాన్లు వేయించాం, ఒక్కోటి 30 వాట్ల దగ్గరే తింటుంది. కొత్త బ్యాటరీ కొనే ముందు ఆ పని చేయమని అందరికీ చెబుతుంటాను.

పటమటవాసి

అందరికీ థాంక్స్. ఆదివారం పొద్దున్నే హైడ్రోమీటర్ తెచ్చి కూర్చున్నాను. పైన, కింద అని పిలుస్తున్నాను, స్టాండులో ఒకదాని మీద ఒకటి ఉన్నాయి.

పై బ్యాటరీ: ఆరు సెల్లులూ 1.235 నుంచి 1.240. కింద బ్యాటరీ: 1.160 నుంచి 1.180. రెండూ ఒకే రోజు కొన్నవి, ఒకే బ్యాచ్. ఛార్జింగులో ఉండగా మల్టీమీటర్‌తో చూస్తే మొత్తం 28.8 వస్తోంది గానీ పైదాని మీద 15.2, కిందదాని మీద 13.6.

ఇప్పుడు గుర్తొచ్చింది, డిస్టిల్డ్ వాటర్ ఎప్పుడూ పైదానికే ఎక్కువ పోస్తుంటాం. కిందది అసలు తాగదు. మా ఆవిడ ‘ఇదేదో మంచి బ్యాటరీ’ అనేది.

బ్యాటరీమెకానిక్_గుంటూరు

దొరికింది! నీళ్ళు తాగని బ్యాటరీ మంచిది అనుకోవద్దమ్మా, దానికి ఛార్జింగ్ అందట్లేదు. కింద బ్యాటరీ నుంచి ఒక్కదాని నుంచే ఏదో 12 వోల్టుల లోడు లాగుతున్నారు. టెర్మినల్ దగ్గర సన్నటి వైర్లు ఏమైనా ఉన్నాయేమో చూడండి. సీసీ కెమెరాలు పెట్టేవాళ్ళు ఈ పని తెగ చేస్తారు.

పటమటవాసి

ఉన్నాయండీ. రెండు వైర్లు టేపు చుట్టి వెనక నుంచి పోతున్నాయి. కెమెరాల రికార్డర్, నాలుగు కెమెరాలు. కరెంటు పోయినా ఆగకూడదని అడిగితే, అప్పట్లో వచ్చిన కుర్రాడు కింద బ్యాటరీకి కలిపేశాడు. మాకు చెప్పలేదు. క్లాంప్ మీటర్ పెడితే సున్నా చూపిస్తోంది, పోనీ అంత పెద్దదేమీ కాదేమో?

షంట్‌రాజా

మామూలు క్లాంప్ మీటర్ ఏసీనే చూస్తుంది, డీసీ వైరు మీద పెడితే సున్నాయే వస్తుంది. డీసీ చూసే క్లాంప్ వేరు, మీద డీసీ ఆంపియర్ గుర్తు ఉండాలి. లేకపోతే మల్టీమీటర్‌లో 10 ఆంపియర్ల సాకెట్‌లోకి ప్రోబ్ మార్చి, వైరుకి వరసలో పెట్టి చూడండి. ప్రోబ్‌ని అక్కడే మరిచిపోయి తర్వాత వోల్టేజీ చూడబోయారంటే నిప్పురవ్వలే, జాగ్రత్త.

పటమటవాసి

2 ఆంపియర్లు. కొంచెం అటూ ఇటూ.

బ్రాడీపేట మాస్టారు

2 ఆంపియర్లు, 24 గంటలు. రోజుకి 48 ఏహెచ్ ఒక్క కింద బ్యాటరీ నుంచే పోతోంది. 150లో మూడో వంతు! ఇన్వర్టర్‌కి రెండు బ్యాటరీల మొత్తం వోల్టేజీ తప్ప విడివిడిగా ఏమీ కనిపించదు. పైది నిండిపోయి 15 దాటేసరికి మొత్తం 28.8 అయిపోతుంది, ‘నిండింది’ అని ఛార్జింగ్ తగ్గించేస్తుంది. పైది ఉడుకుతూ నీళ్ళు తాగుతుంది, కిందది రోజూ సగం కడుపుతోనే ఉంటుంది. రాత్రి లోడు పడితే కిందది ముందు కూలుతుంది, దానితో మొత్తం వోల్టేజీ పడిపోయి పదికే మారిపోతుంది.

ఎండల మాట పూర్తిగా కొట్టిపారేయలేం. వేడి పది డిగ్రీలు పెరిగితే ఇలాంటి బ్యాటరీ ఆయుష్షు సగమవుతుందని మోటు లెక్క ఒకటుంది. మన బెజవాడ వేసవికి అది వర్తిస్తుంది. కానీ ఎండ రెండింటి మీదా ఒకేలా పడాలి కదా, ఒకదాన్నే తినదు.

షంట్‌రాజా

పటమట గారూ, ఈ సంగతి మాత్రం గమనించండి. మొదట్లో నేను చెప్పినట్టు షంట్ ఒక్కటే పెట్టి వదిలేసుంటే ఇది పట్టుబడేది కాదు. కెమెరా నెగటివ్ నేరుగా బ్యాటరీ బోల్టుకే ఉంది కాబట్టి ఆ 48 ఏహెచ్ షంట్‌కి కనిపించదు. పోనీ ఆ వైరుని షంట్ అవతలికి తెచ్చినా తప్పే, అది ఒక బ్యాటరీ లోడు, షంట్ రెండిటికీ కలిపి ఒక్క లెక్కే రాస్తుంది. రెండు బ్యాటరీల సిస్టంలో రెండింటి వోల్టేజీ విడివిడిగా చూడడం తప్పదు. కొన్ని షంట్ మీటర్లలో మధ్య బిందువు, అంటే రెండు బ్యాటరీలు కలిసేచోటి, వోల్టేజీ చూసే వైరు కూడా ఉంటుంది, కొంటే అది ఉన్నదే కొనండి.

కెమెరాలకి 24 నుంచి 12 వోల్టులకి మార్చే డీసీ కన్వర్టర్ పెట్టి, రెండు బ్యాటరీల చివర్ల నుంచి ఇవ్వండి. నెగటివ్ షంట్ అవతలే.

బ్యాటరీమెకానిక్_గుంటూరు

కన్వర్టర్ పెట్టినంత మాత్రాన కిందది కోలుకోదు. దాన్ని విడిగా 12 వోల్టుల ఛార్జర్ మీద పెట్టి, గ్రావిటీ వరసగా మూడు గంటలు మారకుండా నిలబడేదాకా ఎక్కించండి. మూతలు తీసి, కిటికీలు తెరిచి. ఆ గదిలో అగరొత్తి కూడా వెలిగించొద్దు, హైడ్రోజన్ వస్తుంది. ఇన్నాళ్ళు సగం ఛార్జింగులో ఉంది కాబట్టి పూర్తిగా పాత బలం రాకపోవచ్చు. 1.220 దాటితే మాత్రం వాడుకోవచ్చు, మార్చక్కర్లేదు.

బిగించేటప్పుడు చేతి ఉంగరాలు, మెడలో గొలుసు తీసేయండి. పానాకి టేపు చుట్టండి. ముందు ప్యానెళ్ళ ఎంసీబీ ఆపండి, తర్వాత లోడు, ఆ తర్వాతే బ్యాటరీ నెగటివ్ విప్పాలి. ప్యానెళ్ళు ఆన్‌లో ఉండగా బ్యాటరీ పీకితే ఛార్జ్ కంట్రోలర్ కాలిపోయే ప్రమాదముంది.

పటమటవాసి

చేశాను. కింద బ్యాటరీ 1.225 దగ్గర ఆగింది. కెమెరాలు కన్వర్టర్ మీదకి వచ్చాయి, షంట్ కూడా బిగించాం. రాత్రి పదకొండున్నర దాటేదాకా బ్యాటరీ మీదే నడిచింది, కన్వర్టర్ లోడు కూడా కలిపి. కానీ కొత్త మీటర్ ఇంకో తలనొప్పి తెచ్చింది. మధ్యాహ్నం రెండుకే 100 అంటోంది, అప్పటికి గ్రావిటీ ఇంకా ఎక్కుతూనే ఉంది. మళ్ళీ మొదటికొచ్చిందా?

షంట్‌రాజా

లేదండీ, సెట్టింగులు సరిచేయాలి. లెడ్ యాసిడ్‌లో ఎక్కించినదంతా తిరిగి రాదు. 60 ఏహెచ్ ఎక్కిస్తే 50 చిల్లర వస్తుంది. ఛార్జ్ ఎఫిషియెన్సీ 100 అని ఉంటే ముందే నిండినట్టు చూపిస్తుంది, 85 పెట్టండి. నిండినట్టు ఎప్పుడు ఒప్పుకోవాలో కూడా మీరే చెప్పాలి. వోల్టేజీ 28 పైన ఉండడం ఒక్కటే చాలదు, ఎక్కే కరెంటు కూడా బాగా తగ్గాలి. టెయిల్ కరెంట్ (నిండే చివర్లో ఎక్కే కరెంటు) 4% అని పెట్టండి, మీ 150 ఏహెచ్‌కి అది 6 ఆంపియర్లు. అంతకన్నా తక్కువకి పడి కొన్ని నిమిషాలు నిలబడితేనే 100కి సరిచేసుకుంటుంది. మబ్బు పట్టినప్పుడు కూడా కరెంటు పడిపోతుంది కాబట్టి ఆ నిమిషాలు కొంచెం ఎక్కువే పెట్టండి.

బ్రాడీపేట మాస్టారు

ప్యూకర్ట్ అని ఇంకో సెట్టింగు ఉంటుంది, వేగంగా లాగేకొద్దీ బ్యాటరీ తక్కువిస్తుందని 1897లో ఆ పేరుగల జర్మన్ చెప్పిన సూత్రం. 150 ఏహెచ్ సీ10 అంటే 15 ఆంపియర్ల చొప్పున పది గంటలు. 30 చొప్పున లాగితే ఐదు గంటలు రావు, నాలుగు చిల్లరే. మీరు 12-15 మధ్య వాడుతున్నారు కాబట్టి దాన్ని కంపెనీ ఇచ్చిన అంకె దగ్గరే వదిలేయండి. మంచినీళ్ళ మోటారు మాత్రం బ్యాటరీ మీద వేయకండి, పగలు ఎండ ఉన్నప్పుడు వేసుకోండి.

పటమటవాసి

85, 4% పెట్టాక మీటరూ గ్రావిటీ దగ్గరదగ్గరగా నడుస్తున్నాయి. మధ్యాహ్నం మూడున్నర ప్రాంతంలో 100 పడుతోంది. రెండు బ్యాటరీల మధ్య తేడా 0.1 వోల్ట్ దాటట్లేదు.

నెట్‌మీటర్_భవానీపురం

మా బావగారింట్లో కూడా కెమెరాలు ఒక బ్యాటరీకే ఉన్నాయి, ఇప్పుడే ఫోన్ చేసి కనుక్కున్నా. ఆ కన్వర్టర్ ఎన్ని ఆంపియర్లది పెట్టారు?

పటమటవాసి

5 ఆంపియర్లదండీ. వాడేది 2, కొంచెం వెసులుబాటు ఉండాలి కదా. ఫ్యూజు 24 వోల్టుల ప్లస్ వైపు, బ్యాటరీకి దగ్గరగా పెట్టించండి. కన్వర్టర్ కొద్దిగా వేడెక్కుతుంది, బ్యాటరీ మూతల మీద మాత్రం పెట్టనివ్వకండి.